సీతారత్నం గారి వెయ్యి చేతులు

సీతారత్నం గారికి ఎవరి చేయి కనిపించినా వేళ్లు సరిచేయాలనిపిస్తుంది. మా అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర కూరగాయల బండి భయ్యా కొత్తిమీర కట్ట అందిస్తుంటే, అది పుచ్చుకోవడం మానేసి, "బొటనవేలు లోపలికి మడువు నాయనా, అలా పొడుచుకొచ్చినట్టు ఉండకూడదు" అని తెలుగులోనే చెప్పేవారు. అతనిది ఉత్తరప్రదేశ్‌లో ఎటా జిల్లా, తెలుగు రాదు. ఆవిడేమన్నారో అర్థం కాక, తక్కువైందని అంటున్నారేమోననుకుని ఇంకో నాలుగు పచ్చిమిరపకాయలు సంచిలో వేసేవాడు.

నేను మా ఆయనతో వాళ్ల కింది అంతస్తులో ఉంటాను. మాది హనుమకొండ. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఘాజియాబాద్‌లో ఇందిరాపురంలో అద్దె ఫ్లాటు. ఆవిడతో నా పరిచయం తగవుతోనే మొదలు కావలసింది. రోజూ సాయంత్రం మా ఇంటి పైకప్పు మీద టక టక టకమని కర్రతో కొట్టిన చప్పుడు వచ్చేది. ఆఫీసు మీటింగుల్లో అవతలివాళ్లకు కూడా వినిపించేది. ఒకరోజు విసుగొచ్చి పైకి వెళ్లాను. తలుపు తీసింది ఆవిడ భర్త జనార్దనరావు గారు. ఆరడుగుల మనిషి, ఒత్తుగా తెల్ల మీసం, చేతిలో పేపరు.

"అంకుల్, పైనుంచి బాగ చప్పుడైతుంది" అన్నాను.

ఆయన పక్కకు తప్పుకుని లోపలికి చూపించారు. హాల్లో ఒక కుర్చీలో సీతారత్నం గారు కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఎవరూ లేరు. చేతికర్రతో నేల మీద తాళం వేస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. నన్ను చూసి ఆపేశారు.

"వినిపిస్తోందా అమ్మా? దుప్పటి మడత వేసి దాని మీద కొడదామనుకున్నాను, మర్చిపోయాను. కూర్చో. దోసకాయ పప్పు ఉంది, తింటావా?"

తిన్నాను. ఆ తర్వాత చప్పుడు సంగతి ఎత్తలేదు.

ఆవిడది కృష్ణా జిల్లా పామర్రు. కూచిపూడి అక్కడికి సైకిలు దూరం. తండ్రి రైసుమిల్లులో గుమాస్తా. ఏడేళ్ల పిల్లను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని నాట్యం నేర్పే మాస్టారి ఇంటికి తీసుకెళ్లేవారట. పెళ్లయ్యాక ఢిల్లీ వచ్చారు. జనార్దనరావు గారు కేంద్ర ప్రభుత్వంలో నీటిపారుదల లెక్కలు చూసే ఆఫీసులో గుమాస్తా. ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో రెండు గదులు, ముందు ఒక వరండా. ఆ వరండాలో సీతారత్నం గారు కాలనీ ఆడపిల్లలకు నాట్యం చెప్పారు. తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు, గఢ్వాలీ పిల్లలు, ఒక బెంగాలీ కవలల జంట. శిష్యురాలు తప్పు వేస్తే మళ్లీ తనే వేసి చూపించేవారు. అలా చూపించీ చూపించీ మోకాళ్లు అరిగిపోయాయి.

ఆయన రిటైరయ్యాక ఇందిరాపురంలో ఈ ఫ్లాటు కొనుక్కున్నారు. ఒక్కతే కూతురు, పూణేలో కాపురం. ఇక్కడికొచ్చిన రెండో ఏడు ఆవిడకు రెండు మోకాళ్లూ ఆపరేషన్ చేసి మార్చారు. నడవడానికి ఇబ్బంది లేదు కానీ, అరమండిలో కూర్చోవద్దు, కాలు తాటించవద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. అరమండి అంటే మోకాళ్లు రెండు పక్కలకూ వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం. కూచిపూడి అంతా దాని మీదే నడుస్తుంది. ఆవిడ గజ్జెలు బీరువా పైకి ఎక్కించేశారు. టీవీలో నాట్యం వస్తే చానెల్ మార్చేవారు. సాయంత్రం పూట ఆ కర్ర చప్పుడు ఒక్కటే మిగిలింది.

పోయిన ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం నేను ఢిల్లీలో మ్యూజియానికి బయల్దేరుతూ ఆవిడను కూడా రమ్మన్నాను. "రాళ్లు చూడటానికి అంత దూరమా?" అన్నారు. "వీల్‌చెయిర్ ఇస్తరంట ఆంటీ, నేను తోస్త" అన్నాక, చీర మార్చుకుని వచ్చారు.

మొదటి హాల్లో ఒక నల్లరాతి విగ్రహం దగ్గర ఆగమన్నారు. నాజూకైన యువకుడు. ఎడమ చేతిలో తామర కాడ, కుడి అరచెయ్యి కిందికి, మనవైపు తెరిచి ఉంది. నడుము ఒక పక్కకు, తల ఇంకో పక్కకు ఒరిగి ఉన్నాయి.

"త్రిభంగి" అన్నారు సీతారత్నం గారు. "ఇలా నిలబెట్టడానికి మా మాస్టారు నన్ను ఎన్నిసార్లు వాయించారో. ఎవరీ పిల్లాడు?"

అక్కడ సందర్శకులకు అన్నీ చూపించి చెప్పే ఒక అమ్మాయి ఉంది. దగ్గరికొచ్చి చెప్పింది. ఆయన అవలోకితేశ్వరుడు, బౌద్ధుల్లో దయకు రూపమైన బోధిసత్వుడు. లోకంలో ఎవరు బాధతో పిలిచినా వింటాడు, అందరూ గట్టెక్కేదాకా తను మోక్షం తీసుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. మన దేశంలో మగరూపం. చైనా చేరాక కొన్ని వందల ఏళ్లలో ఆడరూపమై గ్వాన్‌యిన్ అయ్యాడు. జపాన్‌లో కన్నన్ అంటారు. పక్క గదిలో పట్టుగుడ్డ మీద వేసిన పాత బొమ్మ ఒకటి ఉంది. అందులో ముఖం ఆడవాళ్లలా కోమలంగా ఉంది, పెదవి పైన మాత్రం సన్నటి మీసం గీసి ఉంది. సీతారత్నం గారు దాన్ని ఫోనులో ఫోటో తీయించుకున్నారు.

ఆ తర్వాత టిబెట్ చిత్రం. ఒకదాని మీద ఒకటిగా పదకొండు తలలు, శరీరం చుట్టూ విచ్చుకున్న వెయ్యి చేతులు, ప్రతి అరచేతిలో ఒక కన్ను. ఎంతమందిని ఒడ్డుకు చేర్చినా బాధ తరగకపోవడం చూసి అవలోకితేశ్వరుడి తల పగిలి ముక్కలైందట. అప్పుడు ఆయన గురువైన అమితాభ బుద్ధుడు ఆ ముక్కలను తలలుగా అతికించి, ఆదుకోవడానికి వెయ్యి చేతులిచ్చాడట. ఆ అమ్మాయి కథ పూర్తి చేసి వెళ్లిపోయింది. సీతారత్నం గారు కదల్లేదు. వెనక జనం ఆగి ఆగి పక్కనుంచి వెళ్తున్నారు.

"పోదామా ఆంటీ?"

"మైథిలీ, ఆ కాళ్లు చూడు" అన్నారు.

చూశాను. రెండు కాళ్లూ తామరపువ్వు మీద నిటారుగా, కర్రల్లా ఉన్నాయి.

"కదలడం లేదు. నాట్యమంతా చేతుల్లోనే ఉంది."

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆవిడ చేతులు ఒళ్లో ఊరుకోలేదు. నేను ఫోనులో వెతికి, చైనాలో ఇదే రూపాన్ని నాట్యంగా చేసే వీడియో ఒకటి చూపించాను. చాలామంది ఒకరి వెనక ఒకరు వరుసగా నిలబడతారు. ఎదురుగా చూసేవాళ్లకు ముందున్న ఒక్కరే కనిపిస్తారు, వెనకవాళ్ల చేతులన్నీ ఆ ఒక్కరివే అన్నట్టు విచ్చుకుంటాయి. ఆనంద్ విహార్ దాటేదాకా మళ్లీ మళ్లీ అదే చూశారు.

మా సొసైటీలో ఏటా దీపావళికి ముందు మేళా జరుగుతుంది. ఆ వారమే సీతారత్నం గారు నాచేత వాట్సాప్ గ్రూపులో హిందీలో మెసేజ్ పెట్టించారు. "మేళాకి ఒక నాట్యం నేర్పుతాను. కాళ్లు కదపక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్నవారికి ముందు అవకాశం." ఇంతకుముందు యోగా క్లాసుకు ముగ్గురు వచ్చిన సొసైటీలో ఈసారి హాలు నిండిపోయింది. సగం మంది మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చారు.

అందులో సరోజ్ త్యాగీ గారు ముఖ్యులు. ఆవిడ భర్త త్యాగీజీ మా సొసైటీ ప్రెసిడెంటు, విద్యుత్ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన గంభీరమైన మనిషి. బేస్‌మెంటు హాలు తాళంచెవి వాళ్లింట్లో ఉంటుంది. ఇంకొకరు పమ్మీ ఆంటీ. అసలు పేరు హర్విందర్ కౌర్. మంచి ఎత్తు, గట్టి గొంతు, అంతకంటే గట్టి నవ్వు.

"ఈయన దేవుడా, దేవతా?" అని పమ్మీ ఆంటీ మొదటిరోజే అడిగారు.

"ఇక్కడ అబ్బాయి, చైనాలో అమ్మాయి. ఎవరికెలా కావాలంటే అలా వస్తారట" అన్నారు సీతారత్నం గారు. ఆవిడ హిందీ మాట్లాడితే వాక్యం హిందీలో మొదలై పామర్రులో తేలేది. అయినా అందరికీ అర్థమయ్యేది.

మొదటి రెండు వారాలు చేతులు చేతుల్లా లేవు. ఒకరు బస్సు ఆపినట్టు, ఒకరు బట్టలు ఆరేసినట్టు. నా చెయ్యి పమ్మీ ఆంటీ చెవిపోగులో చిక్కుకుంది. సీతారత్నం గారు కుర్చీలో కూర్చుని, "వేళ్లలోకి ప్రాణం రావాలి. మునివేళ్లతో చూడండి" అనేవారు. ప్రతివాళ్ల దగ్గరికీ వచ్చి ఒక్కొక్క వేలూ పట్టుకుని నిలబెట్టేవారు. ఇంట్లో చపాతీలు చేసి, ల్యాప్‌టాప్ కొట్టి, పిల్లల జడలు వేసి మొద్దుబారిన వేళ్లు కొంచెం కొంచెంగా లేవడం మొదలుపెట్టాయి.

తగాదా ఎక్కడొచ్చిందంటే, ముందు ఎవరు నిలబడాలన్న దగ్గర. ముఖం కనిపించేది ఒక్కరిదే కదా. త్యాగీ ఆంటీ మొదటిరోజు నుంచే ముందుకొచ్చి నిలబడ్డారు. ఎవరూ అనడానికి లేదు. కానీ ఆవిడ పొట్టి. ఆవిడ వెనక మా తలలన్నీ పుట్టగొడుగుల్లా పైకి లేచి కనిపిస్తున్నాయని, వీడియో తీసి చూస్తే తెలిసింది.

"సరోజ్ జీ, ముందు పొడుగువాళ్లు ఉంటే వెనకవాళ్లు దాగుతారు" అన్నారు సీతారత్నం గారు మెల్లగా.

త్యాగీ ఆంటీ ముఖం ఎర్రబడింది. "భాభీజీ, వెనక నిలబడితే నేనున్నానని ఎవరికి తెలుస్తుంది? వట్టి చేతులు చూసి ఎవరు గుర్తుపడతారు? మా ఇంట్లో వంటింటి తలుపు వెనక చాలా ఏళ్లే నిలబడ్డాను. ఇంక నావల్ల కాదు" అన్నారు. పర్సు తీసుకుని వెళ్లిపోయారు. మరుసటి వారానికి హాలుకు తాళం పడింది. రిపేరు పని ఉందని కాగితం అంటించారు.

మేం టెర్రస్ మీద ప్రాక్టీసు మొదలుపెట్టాం. కానీ వరసలో గుసగుసలు ఆగలేదు. త్యాగీ ఆంటీ అన్నది అందరి మనసులోనూ ఉన్నదే. ఎక్కడో దూరాన ఉన్న కొడుకు వీడియో చూస్తే అమ్మ ఏదని అడగడా? నాకూ అనిపించింది. హనుమకొండలో మా అమ్మకు ఏం చూపించను, ఒక మోచెయ్యా?

సీతారత్నం గారు ఎవరినీ బతిమాలలేదు. ఆదివారం సాయంత్రం టెర్రస్ మీద టీ అని అందరి ఇళ్లకూ కబురు పెట్టారు, మగవాళ్లూ పిల్లలూ రావాలని ప్రత్యేకంగా చెప్పించారు. మేం వెళ్లేసరికి బట్టలారేసే తీగ మీద ఒక పెద్ద దుప్పటి వేలాడుతోంది. దానికి వరుసగా చిల్లులు కత్తిరించి ఉన్నాయి.

"బాగున్న దుప్పటి" అన్నారు జనార్దనరావు గారు దిగులుగా.

త్యాగీ ఆంటీ కూడా వచ్చారు, ఊరికే చూసి పోతానని. పమ్మీ ఆంటీ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి మాటల్లో పెట్టి దుప్పటి వెనక్కి లాక్కుపోయారు. మేమందరం ఒక్కో చిల్లులోంచి ఒక్కో చెయ్యి బయటికి పెట్టాం. గాజులు, ఉంగరాలు ముందే తీయించేశారు. సీతారత్నం గారూ ఒక చివర తన చెయ్యి పెట్టారు.

"ఇప్పుడు ఎవరి ఇంటావిడ చెయ్యి ఏదో చెప్పాలి" అని ప్రకటించాను నేను.

పిల్లలు ఒక్క నిమిషంలో తేల్చేశారు. ఎవరి అమ్మ చెయ్యి వాళ్లు పట్టుకుని వేలాడారు. భర్తల దగ్గరే ఇబ్బంది వచ్చింది. ఒకాయన వాసన చూడబోయాడు. మా ఆయన నా చెయ్యి కనిపెట్టాడు కానీ, కీబోర్డు కొట్టే వేళ్లలా ఉన్నాయి కాబట్టి అని చెప్పి నా దగ్గర మార్కులు పోగొట్టుకున్నాడు. త్యాగీజీ చేతులు వెనక్కి కట్టుకుని, మీటర్లు తనిఖీ చేస్తున్నట్టు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచారు. మధ్యలో ఒక చెయ్యి దగ్గర ఆగారు.

"ఇది సరోజ్" అన్నారు.

"ఎలా చెప్పారు?" అన్నారెవరో.

ఆయన ఆ మణికట్టు మీద చిన్న మచ్చ చూపించారు. "పెళ్లయిన కొత్తలో పూరీలు వేస్తుంటే నూనె చింది కాలింది." మచ్చ వంకే చూస్తూ, "పూరీలు చాలా బాగున్నాయి. ఆ రోజు చెప్పలేదు" అన్నారు.

దుప్పటి వెనక నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. త్యాగీ ఆంటీ రెండో చేత్తో కొంగు తీసి కళ్లు ఒత్తుకున్నారు. చిల్లులోంచి బయటికి పెట్టిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

జనార్దనరావు గారి వంతు వచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, పూర్తి నమ్మకంతో పమ్మీ ఆంటీ చెయ్యి చూపించారు. పమ్మీ ఆంటీ నవ్వు పక్క టవర్‌కు వినిపించి ఉంటుంది. దుప్పటి అంచు పైకెత్తి సీతారత్నం గారు బయటికి తొంగిచూశారు.

"ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ చేత్తో కాఫీ ఇస్తున్నాను" అన్నారు.

"కాఫీ చూస్తాను కానీ చెయ్యి చూస్తానా" అన్నారాయన.

మర్నాటికి హాలు తాళం తెరుచుకుంది. రిపేరు కాగితం ఎవరు తీశారో తెలియదు. త్యాగీ ఆంటీ వచ్చి వరసలో వెనక నిలబడ్డారు. ముందు చోటు ఖాళీ. విచిత్రమేమిటంటే, ఇప్పుడు అక్కడికి ఎవరూ వెళ్లనంటున్నారు. ముందున్నవాళ్లు చేతులు జోడించుకుని కదలకుండా నిలబడాలి. కదిలే చేతులన్నీ వెనకవాళ్లవే. మేం నేర్చుకున్నదంతా దండగ చేసుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు.

"పొడుగ్గా ఉండాలి, వెడల్పుగా ఉండాలి, కదలకూడదు" అని పైకే అనుకున్నారు సీతారత్నం గారు. తర్వాత తల తిప్పి, మూల కుర్చీలో పేపరు చదువుకుంటున్న భర్తను చూశారు. మేమూ చూశాం. ఆయన పేపరు దించారు.

"నేనా? నాకు నాట్యం ఏం తెలుసు?"

"నాట్యం మేం చేస్తాం. మీరు నిలబడండి. మీ ఆఫీసులో కదలకుండా కూర్చున్న మనిషికి నిలబడటం కష్టమా?"

"ఆ దేవుడు ఇక్కడ అబ్బాయనే కదా చెప్పారు" అని పమ్మీ ఆంటీ కూడా పట్టుబట్టారు.

త్యాగీ ఆంటీకి ఒకటే సందేహం. "మరి భాయీసాబ్ మీసం?"

జనార్దనరావు గారి చెయ్యి తటాలున మీసం మీదికి వెళ్లింది. ఉద్యోగంలో చేరిన రోజుల నాటి మీసం అది. సీతారత్నం గారు ఫోను తీసి మ్యూజియంలో తీయించిన పట్టుబొమ్మ చూపించారు. ఫోను చేతులు మారుతూ వరస చివరిదాకా వెళ్లింది. సన్నగా, వంపుగా, పెదవి పైన మీసం. దాంతో వాదన ముగిసింది. ఆయన మీసాన్ని కొంచెం సన్నబరుచుకోవడానికి మాత్రం ఒప్పుకున్నారు. దానికీ రెండు రోజులు ఆలోచించారు.

మేళా ముందురోజు త్యాగీ ఆంటీ గోరింటాకు కోనులు పట్టుకొచ్చి మా అందరి అరచేతుల్లో కళ్లు వేశారు. ఆవిడకు ఆ విద్య ఉందని అప్పటిదాకా మాకు తెలియదు. ఒక్కో కన్నుకు రెప్పలు, కాటుక గీత, లోపల గుండ్రటి పాప. ఎవరి కన్నూ ఇంకొకరి కన్నులా లేదు. నాకు కొంచెం మెల్లకన్ను వచ్చింది. నవ్వినందుకే అలా అయిందన్నారు.

మేళా రోజు ఇసుక వేస్తే రాలనంత జనం. గోల్‌గప్పాల బండి, ఆలూటిక్కీ, దీపాల దుకాణాలు, ఒక పక్క డీజే. మాకు ముందు పిల్లల సినిమా డాన్సు, మా తర్వాత తంబోలా అనే నంబర్ల ఆట. జనం తంబోలా టికెట్లు పట్టుకుని మేమెప్పుడు దిగుతామా అని చూస్తున్నారు. పసుపు పట్టుపంచె, అట్ట కిరీటం పెట్టుకుని జనార్దనరావు గారు ముందు నిలబడ్డారు. కిరీటం మధ్యలో చిన్న బుద్ధుడి బొమ్మ. అవలోకితేశ్వరుణ్ని గుర్తుపట్టే ఆనవాలు అదేనట. వెనక మేము. అందరికంటే వెనక, అందరినీ చూసుకోవడానికి, సీతారత్నం గారు.

పాట నా ఫోనులోంచి బ్లూటూత్‌లో వస్తోంది. వేణువు మొదలైంది. మొదటి రెండు చేతులు విచ్చుకున్నాయి. అంతలో వేణువు ఆగి, స్పీకర్లన్నిట్లోంచి ఒక గొంతు వచ్చింది.

"మేడమ్, ఆర్డర్ తెచ్చాను. టవర్ నంబర్ ఎంత?"

మా ఆయన ఆకలేసి బిర్యానీ ఆర్డర్ పెట్టాడు, నా ఫోను నంబరుతో. జనం ఘొల్లుమన్నారు. వరస వదిలి వెళ్లడానికి లేదు. స్టేజీ కింద ఎవరో ఫోను కట్ చేయబోయి ముందు కాల్ ఎత్తేశారు, ఆ కంగారులో పాట కూడా ఆపేశారు.

అప్పుడు వెనక నుంచి సీతారత్నం గారి గొంతు వినిపించింది. "తకధిమి తకజణు" అని నెమ్మదిగా, కంగారు లేకుండా, మా హాల్లో చెప్పినట్టే చెప్పారు. చేతికర్ర చెక్క స్టేజీ మీద తాళం వేసింది. ఆ దెబ్బ మా అరికాళ్లకు తగిలింది. వేళ్లు వాటంతట అవే లేచాయి.

ఆ నాట్యం ఎలా ఉందో నేను చూడలేదు. నాకు కనిపించింది పమ్మీ ఆంటీ మెడ, దాని మీద చెమట. వినిపించింది కర్ర చప్పుడు, ఆ గొంతు. కానీ నవ్వులు తగ్గడం తెలిసింది. డీజేవాడు తన దగ్గరి లైట్లు ఆర్పేశాడు. చివర్లో అందరం అరచేతులు ఒక్కసారి తిప్పి చూపించాం. ముందు వరసలో ఎవరో పిల్ల "కళ్లు" అని హిందీలో అనడం వినిపించింది. ఆ తర్వాతే చప్పట్లు.

వీడియో తర్వాత చూసుకున్నాం. గొప్పగా ఏమీ లేదు. ఒక పక్క చేతులు ఎక్కువ, ఇంకో పక్క తక్కువ. అయినా ఒక క్షణం, చేతులన్నీ ఒకేసారి విచ్చుకున్నప్పుడు, అది పదిపన్నెండు మంది ఆడవాళ్లలా లేదు. నేను చూస్తూ ఉండగా సీతారత్నం గారు, "ఆపు, కొంచెం వెనక్కి పెట్టు" అన్నారు. పెట్టాను. ముందు నిలబడ్డ జనార్దనరావు గారి పెదవులు కదులుతున్నాయి. పాట ఆగిన దగ్గర నుంచి ఆయన కూడా జతి చెబుతున్నారు, ఒక్క అక్షరం తప్పకుండా.

"మీకెక్కడిది ఇది?" అన్నారు ఆవిడ.

"వరండాలో నువ్వు చెబుతుంటే లోపల గదిలో నేనే కదా ఉన్నది" అన్నారాయన. "చెవులు మూసుకుని పేపరు చదువుతాననుకున్నావా?"

సీతారత్నం గారు లోపలికి వెళ్లి కాఫీ తెచ్చి, కప్పు అందించకుండా, తన చెయ్యి వంక ఆయన చూసేదాకా అలాగే పట్టుకున్నారు.

చలికాలం రాగానే ఆవిడ ఆదివారం క్లాసు పెట్టారు. పార్కులో ఎండపొడ పడే చోట ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, కూర్చునే నేర్చుకోవడం. చేతులు మాత్రమే. బఠాణీలు వలుచుకునేవాళ్లు వలుచుకుంటూనే వినవచ్చు. రెండో వారం పమ్మీ ఆంటీ తన అత్తగారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. అందరూ ఆవిడను బీజీ అంటారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయింది. రోజూ ఫిజియోథెరపీ కుర్రాడు వచ్చినా, ఆవిడ కోపంగా అటు తిరిగి కూర్చుంటారట.

"ఊరికే ఎండకు తెచ్చాను. ఏమీ నేర్పక్కర్లేదు" అన్నారు పమ్మీ ఆంటీ.

సీతారత్నం గారు తన కుర్చీ లాక్కుని బీజీ ఎదురుగా కూర్చున్నారు. తన చెయ్యి తామరమొగ్గలా ముడిచి చూపించారు. "మీది ఇప్పటికే మొగ్గ బీజీ. సగం పాఠం వచ్చేసింది" అన్నారు. బీజీ పంజాబీలో ఏదో గొణిగారు. తిట్టేనని పమ్మీ ఆంటీ తర్వాత చెప్పారు.

పై వారం మళ్లీ వచ్చారు. సీతారత్నం గారు తన మొగ్గను ఒక్కో రేకుగా విప్పుతారు, బీజీ చూస్తారు. అంతే. ఫిజియోథెరపీ కుర్రాడు ఒకరోజు వచ్చి ఇది చూసి, తను చెప్పే కసరత్తు కూడా ఇలాంటిదేనని, దీన్నే రోజూ చేయించమని చెప్పాడు. అప్పటి నుంచి ఇంట్లో బీజీ అతనివైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. సంక్రాంతి చలిలో చిటికెనవేలు కదిలింది. ఫిబ్రవరికి ఉంగరపు వేలు. మధ్యవేలు మొండికేసింది. దాన్ని సీతారత్నం గారు పేరు పెట్టి తిట్టేవారు, పామర్రు తిట్లు, బీజీకి ఒక్కటీ అర్థమయ్యేది కాదు కానీ నవ్వు వచ్చేది.

హోలీ రోజు మధ్యాహ్నం, రంగులు కడుక్కున్నాక, పార్కులో అందరం కూడాం. త్యాగీ ఆంటీ మన కజ్జికాయల్లాంటి గుజియాలు చేసి పెద్ద పళ్లెంలో తెచ్చారు. బీజీకి చక్కెర జబ్బు, ఆవిడ దగ్గర పళ్లెం ఆపవద్దని పమ్మీ ఆంటీ ముందే హెచ్చరించారు. త్యాగీ ఆంటీ జాగ్రత్తగా పళ్లెం పైకెత్తి చక్రాల కుర్చీ పక్కనుంచి దాటబోయారు. బీజీ కుడిచెయ్యి ఒళ్లోంచి లేచింది. వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా, మొండి మధ్యవేలితో సహా విచ్చుకున్నాయి. నేరుగా పళ్లెంలోకి వెళ్లి అన్నిట్లోకీ పెద్ద గుజియా పట్టుకున్నాయి.

పమ్మీ ఆంటీ లాక్కోబోయి, ఆగిపోయి, అలాగే నిలబడి ఏడుస్తూ నవ్వేశారు. బీజీ ఎవరినీ పట్టించుకోకుండా గుజియా కొరికారు. సీతారత్నం గారు ముందుకు వంగి ఆ చెయ్యి వంక పరీక్షగా చూశారు.

"బొటనవేలు కొంచెం లోపలికి" అన్నారు.